ఆదివారం తెరిచిన సీసా

ఆ తెల్లకోటు ఆయనది కాదు. లాబ్ తలుపు వెనక మేకుకి వేలాడుతుంటే తీసి వేసుకున్నాడు. భుజాలు కిందికి జారాయి, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. కుడి చేతి అంచున ఎప్పుడో యాసిడ్ పడి కాలిన చిల్లు ఉంది. జేబు మీద ప్రొఫెసరుగారి పేరు ఎర్రదారంతో కుట్టి ఉంది. ఆ పేరు మీద అరచెయ్యి ఆనించి, గుండె మీద చెయ్యి వేసుకున్నవాడిలా నిలబడి, "రండి బావగారూ, లోపలికి రండి" అన్నాడు.

కాలేజీలో పిల్లలందరూ ఆయన్ని ఆవిరి బాబాయ్ అంటారు. సాల్వెంట్లని, అంటే పొడులు కరిగించే ద్రవాలని, మరిగించి, ఆవిరి పట్టి, వాటిలో చుక్క నీరు మిగలకుండా ఎండబెట్టి సీసాలకి ఎత్తడం ఆయన పని. అది కాగానే గాజుసామాను కడుగుతాడు. ఆ సంగతి ఆ ఆదివారం అక్కడికి వచ్చినవాళ్ళలో ఆయన భార్య ఒక్కదానికే తెలుసు.

కొడుకు మామగారు రిటైరైన హెడ్మాస్టరు. గుమ్మంలో గొడుగు దులుపుతూ, "మా బావగారు సైంటిస్టని మా వీధి వీధంతా చెప్పేశాను. కళ్ళారా చూడకుండా వెళితే ఎవడు నమ్ముతాడు?" అన్నాడు.

"గొడుగు బయటే ఉంచండి. లోపల తడి కూడదు."

ఆ మాట అన్నాక ఆవిరి బాబాయ్‌కి తన గొంతే కొత్తగా, గొప్పగా వినిపించింది.

వియ్యపురాలు చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని, బల్లల మధ్య జాగ్రత్తగా నడుస్తూ, "ఇన్ని సీసాలా! ఎంత పొందిగ్గా సర్దారు వదినా! ఇంట్లో కూడా అన్నయ్యగారు ఇలాగేనా?" అంది.

"ఇంట్లో మంచినీళ్ళ సీసాకి కూడా మూత పెట్టరు" అంది ఆయన భార్య. తలుపు దగ్గరే నిలబడింది. మొగుడి ఒంటి మీద కోటునే చూస్తోంది. లోపలికి రాలేదు.

ఆవిరి బాబాయ్ రెండు చిన్న బీకర్లు బల్ల మీద పెట్టాడు. పారేయడానికి పక్కన పెట్టిన పాత నమూనాల నుంచి చిటికెడు నీలం పొడి, చిటికెడు గోధుమరంగు పొడి తీశాడు. రెండూ రాగి నుంచి చేసినవే.

"ఇప్పుడు చూడండి బావగారూ. మధ్యలో రాగి ఉంటుంది. చుట్టూ కొందరు దాని చెయ్యి పట్టుకుని ఉంటారు. వాళ్ళని లైగాండ్లు అంటారు. ఈ నీలందాని చెయ్యి పట్టుకున్నవాళ్ళు వేరు, ఆ గోధుమరంగుదాని చెయ్యి పట్టుకున్నవాళ్ళు వేరు. రెండిటినీ ఒక దగ్గర కలిపితే, వీళ్ళు వాళ్ళ దగ్గరికీ, వాళ్ళు వీళ్ళ దగ్గరికీ మారతారు. మారినప్పుడు ఆకుపచ్చ రంగు వస్తుంది."

"ఎంతసేపట్లో?"

"అక్కడే ఉంది కిటుకంతా. అది దేంట్లో కలిపామన్నదాన్ని బట్టి ఉంటుంది."

మొదటి బీకర్లో మిథనాల్ పోశాడు. రెండు పొడులూ వేసి గాజుకడ్డీతో ఒక తిప్పు తిప్పాడు. కళ్ళు మూసి తెరిచేలోగా ఆకుపచ్చగా అయింది. హెడ్మాస్టరు "ఆహా" అన్నాడు.

రెండోదానికి పెద్ద సీసా కావాలి. అది అటక మీద ఒక్కటే ఉంటుంది. రెండు లీటర్ల గోధుమరంగు సీసా, నిండా ఎసిటోనైట్రైల్ అనే సాల్వెంట్. రెండు రోజులు మరిగించి, మొదట వచ్చిన భాగాన్ని పారబోసి, థర్మామీటర్ ఎనభైరెండు డిగ్రీల దగ్గర కదలకుండా నిలిచాక పట్టినది. అడుగున తెల్లటి గింజలు ఉన్నాయి. ఎక్కడైనా కాస్త తడి మిగిలితే పీల్చుకోవడానికి వాటిని పొయ్యిలో కాల్చి మరీ వేశాడు. ఆ సీసా తెరిచేవాళ్ళు మూత తీసి, పోసుకుని, ఊపిరి బిగబట్టినంతలో మూత పెట్టేయాలి. ఆ సంగతి పిల్లలకి నేర్పింది ఆయనే.

మూత తీసి బల్ల మీద పెట్టాడు. బీకర్ నిండా పోశాడు, ఎక్కువ తీసినది పక్కన ఇంకో బీకర్లో ఉంచాడు. రెండు పొడులూ వేశాడు. నీలం నీలంగానే, గోధుమ గోధుమగానే చారలు చారలుగా తేలాయి.

"ఇందులో గంటన్నర పడుతుంది. అవే పొడులు, అదే రాగి. ఉన్న చోటు మారింది, అంతే."

"మనుషుల్లాగే అన్నమాట. ఏదీ బావగారూ, ఆ సీసా చేత్తో పట్టుకోండి, ఒక ఫొటో. రెండో చెయ్యి ఇందాకటిలా గుండె మీద ఉంచండి, బాగుంది."

కిటికీ అవతల వాన కురుస్తూనే ఉంది. హెడ్మాస్టరు అడిగినవాటన్నిటికీ ఆవిరి బాబాయ్ జవాబు చెప్పాడు. అడగనివీ చెప్పాడు. గాజుకడ్డీ ఊపుతూ బల్ల చుట్టూ తిరుగుతూ చెప్పాడు. గడియారం పదకొండు దాటింది, పన్నెండుకి దగ్గర పడింది. భార్య దగ్గినప్పుడు తల తిప్పి చూస్తే, మూత ఇంకా బల్ల మీదే ఉంది.

అందరినీ బయటికి పంపి తాళం వేసే ముందు సీసా ఎత్తి చూశాడు. చివరిసారి వాడాక సీసా మీద పెట్టిన గీత నుంచి రెండు వేళ్ళు దిగింది. సోమవారం పొద్దున ప్రొఫెసరుగారు అడుగుతారు. ఇంకో బీకర్లోకి ఎక్కువగా ఒంపినది, పొడి వెయ్యనిది, ఇంకా బల్ల మీదే ఉంది. గ్లాసెడు ఉంటుంది. గోడ మీద తన చేత్తోనే రాసి అంటించిన కాగితం ఉంది. 'సీసాలోంచి తీసినది మళ్ళీ సీసాలో పోయకూడదు.' ఆ కాగితం వైపు వీపు పెట్టి, గరాటు పెట్టి, బీకర్లోది సీసాలో పోసేశాడు. గీతకి దగ్గరగా వచ్చింది, తేడా కంటికి ఆనదు. మూత గట్టిగా బిగించాడు.

*

సోమవారం పొద్దున రాగిపిల్ల ఆ సీసా కోసం వచ్చింది. మూడేళ్ళుగా రాగి మీదే పని చేస్తోందని ఆ అమ్మాయికి ఆ పేరు పెట్టారు. సన్నటి మనిషి, జుట్టు పెన్సిల్‌తో ముడివేసుకుంటుంది. ఏ సాల్వెంట్‌లో ఈ మార్పిడి ఎంతసేపు పడుతుందో కొలవడమే ఆమె పరిశోధన. శుక్రవారం కమిటీ కూర్చుని, ఆమెకి ఇంకో ఏడాది గడువు ఇవ్వాలో వద్దో తేలుస్తుంది. ఇవ్వకపోతే మూడేళ్ళ పని అక్కడితో సరి.

గంట తర్వాత రాగిపిల్ల స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రొఫెసరుగారి బల్ల దగ్గర నిలబడి ఉంది.

"ఇరవై నిమిషాలా?" అన్నారాయన. "పదకొండు సార్లు చేసి తొంభై అన్నావు. నేను ఆ తొంభైని పట్టుకెళ్ళి నలుగురిలో చదివి వచ్చాను."

"మళ్ళీ చేశాను సార్. ఇరవై రెండు వచ్చింది. సాల్వెంట్‌లో తడి ఉందేమోనని, ఉంటే త్వరగా మారిపోతుందని..."

ప్రొఫెసరుగారు నవ్వారు. "ఎవరి సాల్వెంట్ అనుకున్నావ్? మా అమ్మ చేతి వంటకైనా వంక పెడతాను గానీ ఆ మనిషి సీసాకి పెట్టను."

తొట్టి దగ్గర ఫ్లాస్కు కడుగుతున్న ఆవిరి బాబాయ్ ఆ మాట విన్నాడు. ముందు ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే తల తీసేసినట్టయింది. బ్రష్షు ఫ్లాస్కు లోపలే ఆగిపోయింది. నీళ్ళు పొంగి మోచేతుల మీదుగా కారాయి.

సాల్వెంట్లో ఎంత నీరుందో కొలిచే మెషీన్ ఒకటి ఉంది. ఆరు నెలలుగా మూలపడి, గుడ్డ కప్పుకుని కూర్చుంది. బాగు చేయించాలని ఎవరికీ తోచలేదు. ఆవిరి బాబాయ్ ఉండగా అది దేనికి?

మధ్యాహ్నం రాగిపిల్ల సీసా తిరిగి పెట్టడానికి వచ్చింది.

"బాబాయ్, సీసా సరిగ్గానే ఉందిగా?"

"నా సీసా సంగతి నన్నే అడుగుతావా అమ్మా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"అడిగానంతే" అని వెళ్ళిపోయింది.

*

మంగళవారం తెల్లారకుండానే వచ్చి కొత్త సాల్వెంట్ మరిగించడానికి పొయ్యి వెలిగించాడు. గుండ్రటి ఫ్లాస్కులో తడిని తినేసే బూడిదరంగు గడ్డలు వేశాడు. సాల్వెంట్ పోయగానే అవి బుడగలు వదిలాయి. పైన గాజుగొట్టం చుట్టూ చల్లనీళ్ళు తిరుగుతున్నాయో లేదో వేలు పెట్టి చూశాడు. కొత్త సీసా తయారైతే తొంభై మళ్ళీ వచ్చేస్తుంది, పాతది ఎవరికీ తెలియకుండా పారబోయవచ్చు అనుకున్నాడు. అనుకున్నంతసేపు ఊపిరి తేలిగ్గా ఆడింది.

తొమ్మిదింటికి ప్రొఫెసరుగారు వచ్చి ఆ బుడగలు చూసి ఆగారు.

"ఆర్పెయ్యవయ్యా."

"కొత్తది పడదామని సార్..."

"ఇప్పుడు కొత్త సీసా ఇస్తే ఆ అమ్మాయి తప్పంతా పాతదాని మీదికి నెడుతుంది. అదే సీసా, అవే పొడులు. శుక్రవారం దాకా ఏదీ మార్చొద్దు. నిజమేమిటో అదే బయటపడుతుంది."

ఆవిరి బాబాయ్ పొయ్యి ఆర్పాడు. నోరు తెరిచాడు. "సార్" అన్నాడు. ప్రొఫెసరుగారు వెనక్కి తిరిగి, "ఏంటి?" అన్నారు. ఆయన నీళ్ళు నమిలి, "ఏం లేదు సార్, గొట్టం మార్చాలి" అన్నాడు.

ఆ రోజు రాగిపిల్లకి ముప్పై ఒకటి వచ్చింది.

"బాబాయ్, సీసా సరిగ్గానే ఉందిగా?"

"ఉందమ్మా."

బుధవారం నలభై మూడు వచ్చింది. ఆ రోజు ప్రొఫెసరుగారు తన గది తలుపు కూడా వెయ్యకుండా అరిచారు. ఇరవై, ముప్పై, నలభై! రోజుకో పది కలుపుకుంటూ మెల్లగా తొంభైకి తీసుకెళ్తున్నావా? నేనంత వెర్రివాడిలా కనిపిస్తున్నానా? వసారాలో వెళ్ళే పిల్లలు నడక తగ్గించి విన్నారు. రాగిపిల్ల గొంతు ఒక్కసారే వినిపించింది. "నేను కలపలేదు సార్. వచ్చింది రాశాను."

బయటికి వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. జుట్టులోంచి పెన్సిల్ తీసింది, మళ్ళీ పెట్టుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఆవిరి బాబాయ్‌కి అనిపించింది. దగ్గరికి వెళ్ళి ఏదో ఒకటి అనడానికి వీలుండేది. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గేసింది. ఆ పిల్ల ఏడుపు కూడా తన వెసులుబాటు కోసమేనా?

సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఆమె మళ్ళీ అడిగింది, అదే మాట, అదే గొంతుతో. ఈసారి ఆయన తల మాత్రం ఊపాడు.

ఇంట్లో దేవుడి ముందు నిలబడి చేతులు జోడించాడు గానీ కళ్ళు మూసుకోలేదు. సోమవారం నుంచీ దేవుడికి అంతా చెప్పుకుంటూనే ఉన్నాడు. చెప్పుకుంటే బరువు దిగుతుందంటారు. దిగలేదు. ముందే తెలిసినవాడికి చెప్పడంలో కష్టమేముంది? తెలియనివాళ్ళకి చెప్పాలి. దేవుడు క్షమించాడే అనుకుందాం, శుక్రవారం కమిటీలో ఆయన కూర్చోడు గదా.

"వియ్యంకుడుగారు ఫోన్ చేశారు" అంది భార్య అన్నం పెడుతూ. "ఆ ఫొటో పెద్దది చేయించి ముందు గదిలో పెట్టారట. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారట."

ఆయన కంచం ముందుకి జరిపాడు.

"అన్నం మీద అలిగితే ఎలా?" అంది.

*

గురువారం యాభై ఎనిమిది.

మధ్యాహ్నం రాగిపిల్ల తొట్టి దగ్గరికి వచ్చి, తడిలేని చోటు చూసి ఒక కాగితం పరిచింది. గళ్ళ కాగితం మీద ఐదు చుక్కలు ఉన్నాయి. సోమవారానివి పక్కపక్కన రెండు, తర్వాతవి రోజుకొకటి మెట్లెక్కినట్టు పైకి వెళ్తున్నాయి. వాటిని కలుపుతూ పెన్సిల్ గీత గీసి ఉంది.

"సీసా అడుగున గింజలున్నాయి కదా బాబాయ్. అవి తడిని ఒక్కసారిగా పీల్చవు. మెల్లమెల్లగా పీలుస్తాయి. సీసా దానంతట అదే ఎండుతోంది. ఇంకో వారం ఆగితే తొంభై వస్తుందనుకుంటా."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"గీత వెనక్కి పొడిగించి చూశాను. పోయిన శనివారం చేసినప్పుడు తొంభైయే వచ్చింది. కాబట్టి ఏం జరిగినా మధ్యలో ఆదివారమే జరగాలి." ఆమె ఆయన వైపు చూడడం లేదు, కాగితం వైపే చూస్తోంది. "ఆదివారం తాళాలు మీ దగ్గరేగా ఉండేవి?"

"సార్‌కి చూపించావా అమ్మా?"

"చూపిస్తే ఏమంటారో మీకూ తెలుసు. నేను మీ సీసా మీద నేరం మోపుతున్నానంటారు. ఈ చుక్కలు నేనే కల్పించానంటారు." కాగితం మడిచింది. "అందుకే రోజూ మిమ్మల్నే అడిగాను."

ఆమె వెళ్ళిపోయాక ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. సోమవారం అడిగింది, మంగళవారం అడిగింది, బుధవారం అడిగింది. తెలియక అడుగుతోందనుకున్నాడు. రోజుకొక తలుపు తీసి పట్టుకుని నిలబడిందా ఈ పిల్ల? తనేమో రోజూ దాన్ని తన చేత్తోనే మూస్తూ వచ్చాడు.

కుళాయి కట్టేసి నేరుగా ప్రొఫెసరుగారి గదికి వెళ్ళాడు.

అంతా చెప్పాడు. వియ్యాలవారు రావడం, వాన, మూత, గ్లాసెడు తిరిగి పోయడం, అన్నీ. కోటు సంగతి చివరికి ఉంచాడు. అయినా అదీ చెప్పాడు. నేల చూస్తూ చెప్పాడు. చెప్పడం అయిపోయాక తల ఎత్తితే ప్రొఫెసరుగారి ముఖంలో కోపం లేదు. జాలి ఉంది.

"కూర్చో."

"వద్దు సార్."

"కూర్చోవయ్యా. ఆ అమ్మాయి నీ దగ్గర ఏడ్చిందా?"

"లేదు సార్. నేనే..."

"నీ సంగతి నాకు తెలియదా? పోయినేడాది ఎవడో పిల్లాడు థర్మామీటర్ పగలగొడితే నా చెయ్యి తగిలిందని చెప్పావు. ఇప్పుడేమో నువ్వు నా కోటు వేసుకుని ఉపన్యాసం ఇచ్చావా? గంటసేపు మూత తెరిచిపెట్టి? నువ్వు!" ఆయనకి నవ్వొచ్చింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "తెరిచిన మూత కనిపిస్తే నీకు నిద్రపట్టదు. తీసింది తిరిగి పోయకూడదని గోడ మీద రాసినవాడివి. అబద్ధం చెప్పడం కూడా చేతకాదయ్యా నీకు. కాస్త నమ్మేలాగైనా అల్లొద్దూ!"

"దేవుడి సాక్షిగా నిజం సార్."

"ఒట్లు దేనికి? నీ మంచితనంతో ఆ పిల్లకి మేలు చేస్తున్నాననుకుంటున్నావు. పరిశోధనలో ఇలాంటివాళ్ళని వదిలేస్తే రేపు ఇంకొకరిని ముంచుతారు. ఈ మాట ఇంకెక్కడా అనకు. ఇన్నేళ్ళ పేరు పాడుచేసుకోకు." లేచి వచ్చి భుజం తట్టారు. తట్టి, తలుపు దాకా సాగనంపారు.

వసారాలో ఆవిరి బాబాయ్ గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. తప్పు ఒప్పుకోవడమే కష్టమని ఇన్నాళ్ళూ భయపడ్డాడు. ఒప్పుకున్నాక కూడా ఎవరూ తీసుకోకపోతే ఏం చేయాలో ఆయనకి తెలియలేదు. ఆ భుజం ఇంకా మండుతున్నట్టే ఉంది.

ఆ పిల్లని ముంచుతున్నది సీసా ఒక్కటే కాదు. తన మంచిపేరు.

*

వెలుతురుండగానే ఇల్లు చేరాడు. భార్య గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. చెప్పులు విప్పకుండానే ఫోన్ తీసి వియ్యంకుడికి చేశాడు.

"బావగారూ! నూరేళ్ళు మీకు! ఇప్పుడే మీ ఫొటో మా పక్కింటాయనకి చూపిస్తున్నాను. ఆయన మనవడు కూడా సైన్సేనట, మీ చేత నాలుగు మంచిమాటలు చెప్పించమంటున్నాడు."

"ఆ ఫొటో నాకు పంపాలి బావగారూ."

"దానికేం భాగ్యం! మీ గదిలో పెట్టుకుంటారా?"

"కాదు." అటు తిరిగి నిలబడ్డాడు, భార్యకి వీపు పెట్టి. తర్వాత మళ్ళీ ఆమె వైపే తిరిగాడు. "బావగారూ, ఆ కోటు నాది కాదు. నేను సైంటిస్టుని కాను. సాల్వెంట్లు ఎండబెట్టి సీసాల్లో పోస్తాను, గాజుసామాను కడుగుతాను. ఆ రోజు మీ ముందు గొప్పకి పోయి సీసా తెరిచిపెట్టాను. దానివల్ల ఒక ఆడపిల్ల చదువు పోయేలా ఉంది. నేను చేశానంటే మా ప్రొఫెసరుగారు నమ్మడం లేదు. ఆ ఫొటో ఉంటే నమ్ముతారు."

అటు వైపు ఎవరో దూరంగా "ఏమంటున్నారు?" అని అడగడం, హెడ్మాస్టరు "ష్" అనడం వినిపించాయి.

"అయితే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి, "ఆ రాగి సంగతి, చేతులు పట్టుకోవడం, చోటు మారితే గుణం మారడం, అవన్నీ కూడా..."

"అవి నిజమే బావగారూ. పిల్లలు చెప్పుకుంటుంటే విని విని నేర్చుకున్నవి."

"ఊఁ." ఫోన్ పట్టుకుని పక్క గదిలోకి నడిచిన చప్పుడు వినిపించింది. "పంపిస్తాను. మా ఆవిడకి మాత్రం మీరేం చెప్పకండి. నేనే ఎప్పుడో వీలు చూసుకుని చెప్తాను. వీధిలోవాళ్ళ సంగతంటారా..." ఫోన్ పెట్టేశాడు.

ఆవిరి బాబాయ్ మెట్టు మీద కూలబడ్డాడు. కొడుకు రేపు మామగారింటికి వెళ్ళి ముఖం ఎలా చూపిస్తాడు? కోడలికి ఎవరు చెప్తారు? భార్య కాసేపు చిక్కుళ్ళు ఒలిచింది. తర్వాత చేట ఆయన వైపు కొంచెం జరిపింది. ఆయన కూడా ఒక కాయ తీసి ఒలవడం మొదలుపెట్టాడు.

"ఆ రోజే నేను మూత సంగతి చెప్పాల్సింది" అంది ఆమె. "దగ్గానే గానీ చెప్పలేదు. నలుగురిలో మిమ్మల్ని అనడం ఎందుకులే అని."

*

శుక్రవారం కమిటీ పదకొండింటికి. పదింటికి ప్రొఫెసరుగారు కాగితాలు చంకన పెట్టుకుని గది తాళం తీస్తుంటే, ఆవిరి బాబాయ్ ఫోన్ ముందుకి చాపాడు.

ఆయన అయిష్టంగానే తీసుకున్నారు. చూశారు. రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేశారు. వాన కారుతున్న కిటికీ. గోడ గడియారంలో పదకొండుంబావు. బల్ల మీద వెల్లకిలా పడున్న మూత. నోరు తెరుచుకుని ఉన్న గోధుమరంగు సీసా. ఇంకా పక్కకి జరిపారు. కుడి చేతి అంచున కాలిన చిల్లు దగ్గర వేలు ఆగింది. ఆ తర్వాత జేబు దగ్గర, పేరు మీద పరుచుకున్న అరచేతి దగ్గర, చాలాసేపు ఆగింది.

ఆవిరి బాబాయ్ అరుస్తారని ఎదురుచూశాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"బుధవారం," అన్నారు ప్రొఫెసరుగారు మెల్లగా, "తలుపు వెయ్యకుండా అరిచాను." ఫోన్ తిరిగి ఇస్తూ ఆయన ముఖం వైపు చూడలేదు. "పద నాతో."

కమిటీ గదిలో నలుగురున్నారు. ఒక చివర రాగిపిల్ల కూర్చుని ఉంది. కుర్చీ చూపించినా ఆవిరి బాబాయ్ కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. చెప్పడం నిన్నటికన్నా తేలికేమీ కాలేదు. కోటు మాట వచ్చినప్పుడు ఒకాయన చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోవడం కనిపించింది. ఇంకొకాయన నవ్వలేదు, పెన్ను తీశాడు.

"మూత ఎంతసేపు తీసి ఉంచావు?"

"ముప్పావు గంట పైనే అండీ. గంట ఉండొచ్చు."

"తిరిగి ఎంత పోశావు?"

"గ్లాసెడు. అది కూడా బీకర్లో అంతసేపూ తెరిచే ఉంది."

కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు వినిపించి ఆయన అటు చూశాడు. రాగిపిల్ల తన నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ముప్పావు గంట నుంచి గంట. గ్లాసెడు. వాన. ఆమె ముఖంలో కసి లేదు, జాలి కూడా లేదు. వచ్చింది రాస్తోంది.

ఆమెకి గడువు ఇచ్చారు. ఆ గళ్ళ కాగితాన్ని కూడా నివేదికలో పెట్టమన్నారు. ప్రొఫెసరుగారు ఆమెతో ఏమీ అనలేదు. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆమె కాగితాలు కింద పడితే మాత్రం, వంగి ఒక్కొక్కటీ ఏరి, అంచులు సరిచేసి చేతికిచ్చారు. అంత మాత్రం చాలుతుందా? ఆవిరి బాబాయ్‌కి తెలియలేదు. తన సంగతి తను తేల్చుకోవడమే ఆయనకి ఎక్కువగా ఉంది. తాళాల గుత్తి సాయంత్రం ఆఫీసులో ఇచ్చేయమన్నారు. ఇక మీదట సాల్వెంట్ పట్టినప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలన్నారు. సరేనన్నాడు.

పాత సీసాని ఆయనే తన చేత్తో వ్యర్థాల డబ్బాలో ఒంపాడు. అడుగున గింజలు గలగలమని జారాయి. ఆ తర్వాత గోడ మీది కాగితం చింపబోయి, ఆగాడు. అందులో తప్పేమీ లేదు. అంచు లేచి ఉంటే మళ్ళీ అంటించాడు.

*

తర్వాతి సోమవారం మధ్యాహ్నానికి కొత్త సీసా నిండింది. పట్టినంతసేపూ పక్కన కూర్చున్న కుర్రమేష్టారు రెండుసార్లు ఆవులించాడు. పక్క విభాగం నుంచి అరువు తెచ్చిన, నీటిని కొలిచే మెషీన్ బల్ల చివర పెట్టి ఉంది. చిన్న పచ్చదీపం వెలుగుతోంది.

రాగిపిల్ల బీకరు కడుక్కుని, ఆరబెట్టుకుని వచ్చింది. ఆవిరి బాబాయ్ సీసా రెండు చేతులతో పట్టుకుని తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె అడిగే మాట కోసం నిలబడ్డాడు. జవాబు పొద్దుటి నుంచీ నోట్లోనే ఉంది.

ఆమె అడగలేదు. స్టాప్‌వాచ్ పక్కన పెట్టుకుని, మూత తియ్యడానికి చెయ్యి వేసింది.

ఆయన తన చెయ్యి మూత మీద పెట్టాడు.

"ఆగమ్మా. ముందు ఆ మెషీన్‌లో వేసి చూడు."

"మీ సీసాయే కదా బాబాయ్" అంది రాగిపిల్ల.

"అందుకే అమ్మా."

ఆమె ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. జుట్టులోంచి పెన్సిల్ తీసి నోటుపుస్తకంలో తేదీ రాసింది. సూదితో మూడు చుక్కలు తీసి మెషీన్‌లోకి వదిలింది. అంకెలు తిరగడం మొదలుపెట్టాయి. ఆవిరి బాబాయ్ మూత బిగించి, చేతులు కట్టుకుని, అందరిలాగే అవి ఎక్కడ ఆగుతాయోనని చూస్తూ నిలబడ్డాడు.